మన్యం చూడటానికి వచ్చేవాళ్లు, మన్యంలో ఉండేవాళ్లు

(సెప్టెంబర్ 27, ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో టూరిజం విద్యార్థుల ముందు, ఏజెన్సీలో పనిచేసి రిటైరైన ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. ఈ పొద్దున మీ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చిన నీళ్లు ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించారా? విశాఖకు చాలా చోట్ల నుంచి నీళ్లు వస్తాయి. అందులో ఒకటి తాటిపూడి జలాశయం. తాటిపూడికి నీళ్లు తెచ్చేది గోస్తనీ నది. ఆ గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల మీదుగా కిందికి దిగి, తాటిపూడిలో కాసేపు ఆగి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే పోయిన ఆదివారం మన ఊరివాళ్లెవరో బొర్రా దగ్గర తాగి పారేసిన కూల్‌డ్రింక్ సీసాకి కూడా ఇటే దారి. కొండ మీద జరిగేది కొండ మీదివాళ్ల సమస్య అనుకుంటారేమోనని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

నేను ఇరవై రెండేళ్లు ఆశ్రమ పాఠశాలల్లో సోషల్ చెప్పాను. రిటైరయ్యాక కూడా ఏడాదికి మూడు నాలుగుసార్లు పైకి వెళ్తుంటాను. మా పిల్లలు పిలుస్తుంటారు. పిల్లలంటే అప్పటి పిల్లలు, ఇప్పుడు వాళ్లకే పిల్లలు. అలా రెండేళ్ల కిందట డిసెంబర్‌లో ఒక కుర్రాడి ఇంటికి వెళ్లాను. వాడి పేరు, ఊరి పేరు చెప్పను. పాడేరు వైపు అనుకోండి. వాళ్ల ఊరి పైన కొండ అంచు నుంచి చూస్తే తెల్లవారుజామున మేఘాలు కాళ్ల కింద పాల సముద్రంలా పరుచుకుని ఉంటాయి. ఆ అంచున వీడికి డెబ్భై, ఎనభై సెంట్ల మెట్ట ఉంది. తాత కాలంలో సామలు చల్లుకునేవారు. నేను వెళ్లేసరికి ఆ నేల మీద ఇరవై టెంట్లు ఉన్నాయి.

టెంట్లు వాడివి కావు. కింద నుంచి ఎవరో వచ్చి నోటిమాట మీద తీసుకున్నారు. ఏడాదికి ముప్పై వేలు ఇచ్చేవారు. మావాడు అక్కడే పని చేసేవాడు. కార్లు ఎక్కడ పెట్టాలో చూపించడం, బిందెలతో నీళ్లు మోయడం, చలిమంటకు కట్టెలు తేవడం. వాడి పొలంలో వాడు కూలి.

ఆ రాత్రి అక్కడ అరవై మంది దాకా ఉన్నారు. బిర్యానీ కింద నుంచి పెద్ద డబ్బాల్లో వచ్చింది. థర్మాకోల్ ప్లేట్లలో వడ్డించారు. సరిగ్గా అదే సమయంలో, అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది. మీలో ఎవరైనా ఆ పని చూశారా? నాలుగైదు ఆకులు ఒడిలో పరుస్తుంది. సన్నగా చీల్చిన వెదురు పుల్లతో ఒక కుట్టు వేస్తుంది, పుల్ల తుంచుతుంది, విస్తరి కాస్త తిప్పుతుంది, మళ్లీ కుట్టు. ఆకు వైపు చూడదు కూడా. నాతో మాట్లాడుతూనే యాభై విస్తర్లు కుట్టేసింది. వాటిని కట్ట కట్టి వారపు సంతకు మోసుకెళ్లి అమ్ముకుంటుంది. ఇంటి ముందు అరవై మంది తింటుంటే ఒక్క విస్తరి అమ్ముడుపోలేదు.

తెల్లారింది. సూర్యుడు వచ్చాడు. అందరూ ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నారు. ఎనిమిదిన్నరకల్లా కార్లన్నీ దిగిపోయాయి. ఊరిది కాబోలు, ఒక ఆవు వచ్చి ప్లేట్లకు అంటుకున్న మసాలా నాకుతూ నాకుతూ ప్లేటు అంచు కొరికేసింది. మావాడు పరుగెత్తి వెళ్లి దాని నోట్లో చేయి పెట్టి లాగాడు. సగమే వచ్చింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "ఏం చెయ్యను మాస్టారూ, ముప్పై వేలు కదా, కాదనలేకపోయాను" అన్నాడు.

టెంటుకు రాత్రికి పదిహేను వందలు తీసుకునేవారు. ఇరవై టెంట్లు. లెక్క మీరే వేసుకోండి. వాడికి ఏడాదికి వచ్చే డబ్బు వాళ్లకు ఒక్క రాత్రికి వచ్చేది.

ఆ కుర్రాణ్ని మనసులో పెట్టుకునే ఇవాళ మాట్లాడుతున్నాను. ఈ సీజన్‌లో ఇన్ని లక్షల మంది వచ్చారు, గదులన్నీ ఫుల్, ట్రాఫిక్ జామ్ అని పత్రికల్లో చదువుతాం. తలలు లెక్కపెట్టుకుని పర్యాటకం పెరిగిందని సంబరపడతాం. వచ్చినవాళ్లు పెట్టిన ఖర్చులో ఊళ్లో ఎంత మిగిలింది, ఎవరి చేతిలో మిగిలింది అనే లెక్క ఎవరూ వేయరు. నా దృష్టిలో పర్యాటకానికి కొలబద్ద అదే. దానితో పాటు రెండోది కూడా ఉంది. 'ఇవాళ్టికి చాలు, రేపు రండి' అనే హక్కు ఆ ఊరికి ఉందా లేదా?

చరిత్ర కాస్త చూద్దాం. మీరు అరకు వెళ్లే రైలు దారి ఉంది కదా, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా. 2017లో దానికి అద్దాల బోగీ తగిలించారు. సొరంగం వచ్చినప్పుడల్లా అందరూ కేకలు పెడతారు. యాభై ఎనిమిది సొరంగాలు. దారిలో శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది. ఆ లైను ఎందుకు వేశారు? 1960లలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేశారు. కొండల్లోంచి బయటికి తీసుకుపోవడానికే ఆ దారి పుట్టింది. ఇప్పుడు అదే దారిలో మనం పైకి వెళ్తున్నాం. మనం వెళ్లాక కూడా సంపద మాత్రం కిందికే వస్తుంటే, అప్పటికీ ఇప్పటికీ ఏం మారినట్టు?

ఇక భూమి. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. ఆ ఏడాది ఒకటో నంబరు రెగ్యులేషన్ కాబట్టి 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతంలో, భూమిని గిరిజనేతరులకు బదలాయించడానికి వీల్లేదని దాని సారాంశం. అరకులో హోటల్ కట్టాలనుకునే బయటివాళ్లకు అది అడ్డం. అందుకే బినామీ పేర్లు, నోటిమాట లీజులు. మావాడి కొండ అంచు మీద జరిగింది అదే. రాతకోతలు లేవు కాబట్టి ఆ ముప్పై వేలు ఇవ్వకపోయినా వాడు ఎక్కడికీ వెళ్లి అడగలేకపోయేవాడు. పర్యాటకం కోసం ఆ చట్టాన్ని సడలించాలనే మాట బయటికొస్తే, 2025 ఫిబ్రవరిలో మన్యమంతా బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. 'ఆ చట్టం వల్లే అరకు అభివృద్ధి కావడం లేదు' అని నాతో అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ చట్టం లేకపోతే మావాడికి ఏడాదికి ఆ ముప్పై వేలు కూడా ఉండేవి కావు. ఒక్కసారి ఏదో కొంత చేతిలో పెట్టి పంపేసేవారు.

బొర్రా గుహల సంగతి చెప్పాలి. అందరూ చూసే ఉంటారు. మేపుతున్న ఆవు పై నుంచి కంతలో పడిపోతే, వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి లోపల శివలింగం కనిపించిందని అక్కడి కథ. గోస్తని అనే పేరు కూడా ఆవు పొదుగు మీదే వచ్చింది. సున్నపురాయి కొండ అది. నీటిచుక్క రాయిని కరిగించుకుని దిగుతూ, చుక్క చుక్కకీ ఇంత సున్నం వదిలిపెడుతూ ఆ స్తంభాలు కట్టింది. మామూలుగా అలాంటి రాతి ఊడ వందేళ్లకు ఓ సెంటీమీటరు పెరిగితే గొప్ప. గుర్తుగా ఉంటుందని మనం విరిచి జేబులో వేసుకునే చిటికెన వేలంత ముక్క ఐదారు వందల ఏళ్లది. మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒక అబ్బాయి అలాంటి ముక్క తెచ్చి నాకు చూపించాడు, మెచ్చుకుంటానని. కోప్పడలేదు. శ్రీకృష్ణదేవరాయలు బతికున్నప్పుడు ఇది మొలకెత్తడం మొదలైందిరా అన్నాను. వాడు మళ్లీ లోపలికి పరుగెత్తి దాన్ని అక్కడే పెట్టి వచ్చాడు. అది అతుక్కోదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఫ్రాన్స్‌లో లాస్కో అనే గుహ ఉంది. వేల ఏళ్ల నాటి ఎద్దుల, గుర్రాల బొమ్మలు ఆ గోడల మీద ఉన్నాయి. 1940లో బయటపడింది, 1948లో జనాన్ని లోపలికి పంపించారు. జనం ఊపిరిలోని తేమ వల్ల, బొగ్గుపులుసు వాయువు వల్ల, దీపాల వెలుగు వల్ల గోడల మీద పచ్చటి పాచి పట్టింది. 1963లో గుహను మూసేశారు. తర్వాత ఇరవై ఏళ్లకు పక్కనే అచ్చం అలాంటి నకలు గుహ కట్టి, చూసేవాళ్లను అందులోకి పంపుతున్నారు. దీపాలు పెట్టి జనాన్ని పంపే ప్రతి గుహకూ ఈ భయం ఉంటుంది. ఒక పూటకు ఎంతమంది, ఎంతసేపు, ఏ రకం దీపం అన్నవి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్నలు కావు, గుహ బతుకుతుందా లేదా అనే ప్రశ్నలు.

బొర్రా అంటే నాకు గుహలతో పాటు గుర్తొచ్చేది 1997 నాటి సమత తీర్పు. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. దాని మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర 'వ్యక్తి' కిందే లెక్క, ప్రైవేటువాళ్లకు ఆ భూమి లీజుకు ఇవ్వకూడదు అని కోర్టు చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. అక్కడ వ్యాపారం చేసేవాళ్లు నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి, ఆ ప్రాంతంలో చదువుకు, వైద్యానికి, రోడ్లకు ఖర్చు చేయాలన్నది. పిల్లలూ, ఆ వాక్యం మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. దేశం మొత్తానికి ఆ మాట బొర్రా పంచాయతీ నుంచి వెళ్లింది. రాయి తవ్వుకున్నవాడు 20 శాతం ఇవ్వాలంటే, అదే రాయిని చూపించి టికెట్ తీసుకునేవాళ్లు ఎందుకు ఇవ్వకూడదు? టికెట్‌లో ఇంత వాటా ఈ పంచాయతీది అని టికెట్ మీదే అచ్చు వేయాలని నా కోరిక. కొనేవాడికీ తెలుస్తుంది, అడిగేవాడికీ ధైర్యం వస్తుంది.

అన్నీ బాధలే చెబుతున్నానని అనుకోకండి. వలిసె పూల సంగతి చూడండి. నవంబర్ వచ్చేసరికి అరకు పొలాలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. వలిసె నూనె గింజల పంట. సినిమావాళ్లు చూపించాక జనం చేలల్లోకి దిగి, పడుకుని, దొర్లి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. గింజ రాలిపోయేది. రైతులు కొన్నాళ్లు కేకలేశారు. ఎవరూ వినలేదు. తర్వాత వాళ్లే ఒక ఉపాయం చేశారు. చేను చుట్టూ వెదురు కర్రలతో కంచె కట్టి, మధ్యలో ఒక సన్నని కాలిబాట వదిలి, మనిషికి పదో ఇరవయ్యో తీసుకోవడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన తన గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, చేతిలో కర్ర పట్టుకుని, "బాబూ, బాట దాటకండి" అంటుంటే నాకు చాలా సంతోషమేసింది. పొలం ఆయనది, డబ్బు ఆయనది, గింజా దక్కింది. ఇంతమందిని మించి పంపనని చెప్పే హక్కూ ఆయనదే. ఏ కన్సల్టెంటూ వచ్చి నేర్పలేదు. సుస్థిర పర్యాటకం గురించి నేను చూసినవాటిలో అంతకన్నా చక్కని పాఠం లేదు.

బయట కూడా ఇలా చేసినవాళ్లు ఉన్నారు. కేరళలో వెంబనాడ్ సరస్సు ఒడ్డున కుమరకోమ్ ఉంది. రిసార్టులు వచ్చి పొలాలు పోతున్నాయని, సరస్సులోకి దారి మూసుకుపోతోందని ఊరివాళ్లు తిరగబడ్డారు. 2008 నుంచి అక్కడ పంచాయతీని, కుటుంబశ్రీ మహిళా సంఘాలను, హోటళ్లను ఒక చోట కూర్చోబెట్టారు. ఆడవాళ్లు కూరగాయలు పండిస్తారు, హోటళ్లు కొంటాయి. కుటుంబశ్రీ అంటే మన డ్వాక్రా సంఘాల లాంటివే. మన ఏజెన్సీలోనూ సంఘాలున్నాయి, రాజ్మా ఉంది, పసుపు ఉంది, మిరియాలున్నాయి. అయినా అరకు హోటల్లో మీకు పెట్టే రాజ్మా చింతపల్లిదా, బయటి నుంచి వచ్చిందా? ఈసారి వెళ్లినప్పుడు అడగండి. అడిగేవాళ్లు పదిమంది అయితే హోటల్‌వాడు సంతకు వెళ్తాడు. మన దగ్గర మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితుల చేత అడవి విడిదులు నడిపించిన అనుభవం కూడా ఉంది. అంటే దారి తెలియక ఆగిపోలేదు మనం.

కాఫీ గురించి రెండు మాటలు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరూ గర్వంగా చెబుతారు. కానీ క్యాలెండర్ ఒకసారి చూడండి. కాఫీ పండ్లు కోసేది నవంబర్ నుంచి. పర్యాటకులు విరగబడేదీ అప్పుడే. ఇంట్లో ఉన్న నలుగురూ తోటలో ఉండాల్సిన రోజుల్లో మనం వెళ్లి వేడినీళ్లు కావాలి, బొంగులో చికెన్ కావాలి అంటాం. ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి వదులుకోవాలి. అదే మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే కాఫీ పూతకొస్తుంది. తోటంతా మల్లెపూల వాసన. కింద మనం ఎండకు మాడిపోతుంటే పైన రాత్రి దుప్పటి కావాలి. పరీక్షలూ అయిపోతాయి. ఆ రోజుల్లో ఎవరూ వెళ్లరు. మీరు రేపు టూర్ ప్యాకేజీలు తయారు చేసేవాళ్లు కదా, మేఘాలొక్కటే అమ్మకండి, ఆ పూతనూ చూపించండి. డిసెంబర్‌లో నెత్తిన పడే బరువు సగం తగ్గుతుంది.

మన్యం గిరిజనుల నాట్యం థింసా గురించి అడుగుతారని తెలుసు. రిసార్టు ముందు రాత్రి ఏడింటికి థింసా ఆడించడం తప్పా అని. తప్పని నేను అనను. వాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, ఆ చీరకట్టు, ఆ అడుగు పిల్లలకు అందుతుంది. కానీ ఒకసారి నా కళ్లముందే ఒకాయన తాగి వెళ్లి ఆడవాళ్ల వరసలో దూరి చేయి పట్టుకున్నాడు. డప్పు కొడుతున్న పెద్దాయన వాయించడం ఆపేశాడు. అంతే. ఒక్క మాట అనలేదు. డప్పు భుజానికి తగిలించుకుని నడిచి వెళ్లిపోయాడు, వెనకే అందరూ వెళ్లిపోయారు. నిర్వాహకులు వాళ్లకు డబ్బు ఇవ్వబోమన్నారని తర్వాత తెలిసింది. చైత్రంలో ఇటుకల పండుగకు తమ ఊళ్లో తమ కోసం ఆడినప్పుడు ఆ పెద్దాయన మాటే చెల్లుతుంది. మన ముందు ఆడినప్పుడు కూడా చెల్లేలా ఒప్పందం రాసుకోవాలి. అంతకన్నా నేను అడిగేది లేదు.

'ఇవాళ్టికి చాలు' అనే అధికారం గ్రామసభకు కొత్తగా ఇవ్వనక్కర్లేదు. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభను ముందు నిలబెట్టింది. మా కొండ మీద రాత్రికి ఎన్ని టెంట్లు, డీజే ఉండాలా వద్దా, థర్మాకోల్ పైకి రానివ్వాలా వద్దా అన్నది ఊరు కూర్చుని తీర్మానం చేయాలి. అధికారులు దాన్ని అమలు చేయాలి. చేస్తే చాలా సంగతులు వాటంతటవే దారిలో పడతాయి.

మనసులో ఉన్న ఒక బాధ కూడా చెప్పేస్తాను. వ్యూపాయింట్ దాకా తారు రోడ్డు పడుతుంది. దానికి నాలుగు కిలోమీటర్ల అవతల గూడెంలో పురుడొస్తే ఇప్పటికీ డోలీ కడతారు. ఇద్దరు మగవాళ్లు కర్రకు దుప్పటి కట్టి, అందులో ఆ తల్లిని పడుకోబెట్టి, వాగు దాటిస్తారు. సెల్ఫీ కోసం రోడ్డు వేయగలిగిన ప్రభుత్వానికి ఆ నాలుగు కిలోమీటర్లు పెద్ద పని కాదు. టికెట్‌లో వాటా గురించి నేను అంత గట్టిగా మాట్లాడేది ఆ డోలీ కర్ర నా భుజం మీద కూడా ఒకసారి పెట్టుకున్నాను కాబట్టి.

మావాడి సంగతితో మొదలుపెట్టాను, వాడి దగ్గరికే వస్తాను. ఈ ఏడాది వాడు టెంట్లవాళ్లకు నేల ఇవ్వలేదు. భార్య సంఘంలో అప్పు తీసుకుంది. ఇంటి పక్కన రెండు గదులు వేశారు, మట్టి గోడలు, పైన పెంకు, లోపల శుభ్రమైన బాత్‌రూమ్. కొండ అంచున ఆరు టెంట్లకు మించి వేయకూడదని నలుగురు పక్క రైతులతో మాట్లాడుకున్నాడు. నిలబడుతుందో లేదో నాకు టెన్షన్‌గానే ఉంది. ముప్పై వేలు కచ్చితంగా వచ్చేవి, ఇప్పుడు వస్తాయో రావో. మొన్న ఫోన్ చేసి, "మాస్టారూ, మీ కాలేజీ పిల్లల్ని పంపుతారా" అని అడిగాడు.

మీ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. ఒప్పుకున్నారు. బ్యాచ్‌కు పన్నెండు మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు, ఒక్కొక్కటి రెండు రాత్రులు. కాఫీ కోత లేని వారాలు చూసి తేదీలు వాడే చెబుతాడు. భోజనం చోడి అంబలి, రాజ్మా కూర, అన్నం, ఒక పూట బొంగులో చికెన్. విస్తర్లు వాళ్లమ్మ కుడుతుంది. ప్లేట్లు తేవద్దు. వాళ్ల దగ్గర రగ్గులు ఆరే ఉన్నాయి, అందుకని తలా ఒక దుప్పటి తెచ్చుకోండి. పేర్లు ఇవ్వాలనుకున్నవాళ్లు కింద బల్ల దగ్గర రాయండి. పదమూడో పేరు వస్తే తర్వాతి బ్యాచ్‌లో వేస్తాను, దయచేసి సర్దమని అడగకండి.